అక్రన్ మెట్ట సేద్యంలో తేమ నిల్వ

కొలరాడో తూర్పు మైదానాల్లోని అక్రన్ రెండు వేల జనాభా కూడా లేని పట్టణం. 1907లో ఇక్కడ మెట్ట వ్యవసాయ పరిశోధనా స్థానం నెలకొన్నది. సాలీనా వర్షపాతం సుమారు 420 మి.మీ. జూలైలో గోధుమ కోసిన పిదప మరుసటి సెప్టెంబరు వరకు, అనగా 14 నెలలు, పంట వేయక పలుమార్లు దున్నేవారు. తేమ నిల్వకై చేసిన ఈ దున్నకం వల్లనే తేమ ఆవిరయ్యేది, మట్టి గాలికి కొట్టుకుపోయేది. దున్నడం మాని, కలుపు మందులు వాడి కొయ్యకాళ్లను నిలిపినపుడు అవి కురిసిన మంచును పట్టి ఉంచాయి, ఆవిరిని తగ్గించాయి. ఆ మిగులు తేమతో గోధుమ తర్వాతి వేసవిలో మొక్కజొన్న లేక వరిగ సాధ్యపడి, మూడేళ్లకు రెండు పంటలు వచ్చాయి. (మన రైతులెరిగిన వరిగ అక్కడ ఎక్కువగా పక్షుల మేత!) అయితే విరామాన్ని పూర్తిగా తొలగిస్తే, వర్షాభావ సంవత్సరాల్లో తదుపరి గోధుమ దిగుబడి తగ్గుతుంది, కనుక విత్తే ముందు నేల తేమను కొలిచి పంటను నిర్ణయించుకోవలసి ఉంటుంది.