లాగడం తేలిక, ఆపడం కష్టం

భోగాపురం దగ్గర జాతీయ రహదారి పక్కన ఓ అరగంట నిలబడి చూడండి. ఒకప్పుడు 5వ నంబరుగా పేరుపడి, ఇప్పుడు 16వ నంబరు అయిన ఈ కోల్‌కతా–చెన్నై రోడ్డు మీద ఎన్ని రకాల బరువులు పోతుంటాయో! ఇటుకల ట్రాక్టర్లు, గడ్డిమోపుల బండ్లు, ఇనుప చువ్వల లారీలు. కొన్నిటిలో ముందు లాగే బండి కన్నా వెనక తగిలించిన బండే బరువు. అంత చిన్న బండి అంత పెద్ద బరువును ఎలా లాగుతున్నది?

ఒక లెక్క వేసి చూద్దాం. ముక్కాం తీరం నుంచి ఒక పడవను, దాని ఇంజనును, వలలను ట్రెయిలర్ మీద వేసి పికప్ బండితో తీసుకుపోవాలనుకోండి. ట్రెయిలరుతో సహా బరువంతా 2 టన్నులు. పికప్ బరువు మరో 2 టన్నులు. మంచి తారు రోడ్డు, టైర్లలో సరిపడా గాలి ఉంటే, ట్రెయిలర్ కదులుతూ ఉండడానికి ఎంత బలం కావాలి? 30 కిలోల బస్తాను పైకెత్తడానికి కావలసినంత బలం చాలు! చక్రం చేసే మేలు ఇది. ప్రతి 20 అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు వస్తే ఇంకో 100 కిలోల బలం కావాలి. సముద్రపు ఇసుకలోనైతే 400 కిలోలు కూడా కావలసిరావచ్చు. అప్పుడు ఇంజనులో శక్తి ఉన్నా చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. ఎందుకంటే, లాగే బలం నేలకు, టైరుకు మధ్య ఉన్న ఘర్షణను మించలేదు. ఆ ఘర్షణ ఇంజను చక్రాల మీద పడే బరువును బట్టి ఉంటుంది. 2023 మేలో శంకుస్థాపన జరిగిన భోగాపురం విమానాశ్రయం వంటి చోట్ల విమానాలను నెట్టే టగ్ బండ్లను చూడండి. పొట్టిగా ఉంటాయి కాని, పెద్ద విమానాలను కదిలించేవాటిలో కొన్ని 50 టన్నుల దాకా తూగుతాయి. ఆ బరువు లేకపోతే వాటి చక్రాలకు పట్టు దొరకదు.

మంచి రోడ్డు మీద లాగడం తేలికేనని తేలింది. మరి ఆపడమో?

పికప్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నది. అడ్డంగా ఒక మేక వచ్చింది. కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపల, అంటే దాదాపు ఒక సెకనులో, బండి 17 మీటర్లు పోనే పోయింది. ఆ తరువాత ఖాళీ పికప్ సుమారు 20 మీటర్లలో ఆగుతుంది. వెనక బ్రేకులు లేని 2 టన్నుల ట్రెయిలర్ ఉంటే ద్రవ్యరాశి రెండింతలు, ఆపే బలం మాత్రం అంతే. కనుక 40 మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే గతిజశక్తి నాలుగింతలవుతుందని మీరు చదువుకున్నారు గదా! ఐరోపా దేశాల్లో 750 కిలోలు దాటిన ట్రెయిలరుకు సొంత బ్రేకులు తప్పనిసరి చేయడానికి కారణం ఇదే.

ఇక బరువును ఎక్కడ పెట్టాలన్న సంగతి. ఇది ఎడ్లబండి తోలేవారికి ఎప్పటినుంచో తెలుసు. బస్తాలన్నీ వెనక వేస్తే కాడి పైకి లేచి ఎడ్ల మెడలకు ఉరి బిగుస్తుంది. అన్నీ ముందు వేస్తే మెడలు కుంగిపోతాయి. ట్రెయిలరుకూ అంతే. దాని మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలి. 2 టన్నులకు 200 నుంచి 300 కిలోలన్నమాట. అంతకు మించితే పికప్ వెనక భాగం కుంగి, ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు సరిగా మాట వినదు. రాత్రివేళ హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్ళలోకి కొడతాయి.

కొక్కెం మీద బరువు తక్కువైతే ఇంకా ప్రమాదం. పక్కనుంచి లారీ దూసుకుపోయినప్పుడు వచ్చే గాలికే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఒక వేగం దాటితే ప్రతి ఊపూ ముందరి ఊపు కన్నా పెద్దదవుతుంది. చివరికి తోకే కుక్కను ఆడించినట్లు ట్రెయిలరే పికప్‌ను తిప్పేస్తుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు, వేగం పెంచకూడదు. స్టీరింగును తిన్నగా పట్టుకొని, యాక్సిలరేటరు మీదనుంచి కాలు మెల్లగా తీయాలి.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ఒక అట్టపెట్టెకు మధ్యలో ఒకే ఇరుసు, రెండు చక్రాలు అమర్చి బొమ్మకారు వెనక తగిలించండి. ఏటవాలు పలక మీద వదలండి. పెట్టెలో రాయిని ఒకసారి ముందు, ఇంకోసారి వెనక పెట్టి, తోక ఎప్పుడు ఎక్కువ ఊగుతుందో చూడండి.

సాలూరు దాటి ఒడిశా వైపు పోయే ఘాట్ రోడ్డులో చిక్కు మరో రకం. మన 4 టన్నుల జంట 500 మీటర్ల ఎత్తునుంచి దిగితే, పోగొట్టవలసిన స్థితిజశక్తి దాదాపు 70 లీటర్ల మామూలు నీళ్ళను మరిగించగలదు! అదంతా బ్రేకుల్లోనే వేడిగా మారితే అవి కాగిపోయి పట్టు వదిలేస్తాయి. అందుకే తెలిసిన డ్రైవర్లు వాలు మొదలయ్యే ముందే కింది గేరులోకి మారుస్తారు. ఇంజను తిరగడంలోనే కొంత శక్తి ఖర్చయి బండి అదుపులో ఉంటుంది. దిగేటప్పుడు గేరును న్యూట్రల్‌లో పెట్టి డీజిలు మిగిలిందని సంతోషించడం ఎంత పొరపాటో ఇప్పుడు మీకే తెలుస్తుంది.

ట్రాక్టరు విషయంలో ఇంకొక మాట తప్పక చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణాలు పోతున్నాయి. బురదలో దిగబడిన బండిని లాగడానికి గొలుసును ట్రాక్టరు వెనక ఇరుసుకో, అంతకన్నా పైనో కట్టకూడదు. బండి కదలనని మొండికేస్తే, ఆ గొలుసు ట్రాక్టరును వెనక్కి లాగుతుంది, ఇంజను బలం ముందు చక్రాలను పైకి లేపుతుంది. వెనక చక్రాల చుట్టూ ట్రాక్టరు గిరుక్కున తిరిగి నడిపేవాడి మీదే పడుతుంది. ఇదంతా ఒకటి రెండు సెకన్లలో జరిగిపోతుంది. దూకేందుకు వ్యవధి ఉండదు. ఇరుసు కన్నా కిందున్న లాగుడు కడ్డీకే కట్టాలి. ముందుభాగం కాస్త లేస్తే ఆ కడ్డీ ఇంకా కిందికి దిగి, తిరగేసే బలం తగ్గుతుంది.

మామూలు ప్రయాణానికైతే కొక్కెం పిన్నుతో పాటు రెండు గొలుసులు కొక్కెం కింద ఒకదానిమీదొకటి అడ్డంగా కట్టాలి. పిన్ను విరిగినా ట్రెయిలర్ మూతి నేలకు గుచ్చుకోకుండా వాటి మీద వాలుతుంది. వెనక ఎర్రదీపాలు, మెరిసే పట్టీలు ఉండాలి. చీకట్లో రోడ్డు పక్కన ఆపిన దీపాల్లేని ట్రాలీ, వెనకనుంచి వచ్చే మోటారుసైకిలువాడికి అతి దగ్గరికి వచ్చేదాకా కనబడదు.