పసివారి చేతికి ఏ బొమ్మ ఇవ్వాలి?

టీవీలో చూసిన పాత్ర పెట్టెపై కనిపిస్తే చాలు, పసివారు ఆ ఆటసామానే కావాలని మారాం చేస్తారు. అలాంటప్పుడు కోపగించుకోవడం గానీ, వెంటనే కొనివ్వడం గానీ తగదు.

హజ్రత్ ఆయిషా (ర.అన్హా) ఆటబొమ్మల మధ్య రెక్కల గుర్రాన్ని చూసి దైవప్రవక్త (స) అదేమిటని అడిగారు. సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులివ్వగా, ఆయన మనసారా నవ్వారని అబూదావూద్ హదీసు గ్రంథం తెలుపుతోంది. ప్రాణుల ఆకృతిగల బొమ్మల విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలున్నప్పటికీ, పిల్లల ఆటకు అనేకులు అనుమతించారు.

కనుక ముందుగా ఆ పాత్ర స్వభావాన్ని పరిశీలించండి. ఆటలో పిల్లవాడు ఆ పాత్ర మాటలే మాట్లాడతాడు, దాని చేష్టలే అనుకరిస్తాడు. కొట్టడమే ఘనతగా చూపే వీరుని కంటే రోగికి సేవచేసే వైద్యుడు, మంటలార్పే సిబ్బంది, పొలం దున్నే రైతు ఉన్న సెట్టు మేలు.

భద్రత విషయంలోనూ అశ్రద్ధ తగదు. ఫ్యాక్టరీల్లో తయారైన పిల్లల బొమ్మలకు మన దేశంలో 2021 జనవరి 1 నుండి ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు, ఊడివచ్చే అయస్కాంతాలు, బటన్ బ్యాటరీలు ఉన్నవాటిని మూడేళ్లలోపు వారికి ఇవ్వరాదు.

తల్లిదండ్రులారా! బొమ్మ కొనిచ్చి ఊరుకోక, కాసేపు పక్కన కూర్చోండి. ఆ వైద్యునితో సలాం చెప్పించండి, ఆ రైతుతో పంటలో పేదల వాటా తీయించండి.