నొప్పి తెలియని ఒంట్లోంచి పుట్టే తలనొప్పి

సైనిక్‌పురి నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం చదివాక ఈ నెలకి అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను. వాళ్ళ నాన్నగారు మాజీ హవల్దారు. సర్వీసులో ఉండగా బండి బోల్తా పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు. యూరిన్ బ్యాగు ఎప్పుడూ ఉండాల్సిందే. బీపీ ఎప్పుడు చూసినా 95/60 దగ్గరే ఉంటుంది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తల పగిలిపోతోందన్నారట. ముఖం జేవురించింది, నుదుటి మీద చెమట ధారకట్టింది. కాళ్ళు మాత్రం చల్లగా, పాలిపోయి, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎవరో వచ్చి బీపీ చూస్తే 150/90. "ఈ వయసుకి మామూలేనండీ, కాసేపు పడుకోబెట్టండి" అన్నారు. పడుకోబెడితే తలనొప్పి ఇంకా ముదిరింది. ఇంతలో అమ్మగారు దుప్పటి సర్దబోయి తొడ కింద నొక్కుకుపోయిన ట్యూబు చూసి సరిచేశారు. బ్యాగు గబగబా నిండింది. పది నిమిషాల్లో తలనొప్పి మాయం.

"నాన్నకి మూత్రం నిండినట్టే తెలియదు కదా, మరి తలకెలా తెలిసింది?" ఇదీ ఆమె ప్రశ్న.

ఇంత మంచి ప్రశ్న వైద్య విద్యార్థులు కూడా అడగరు. సికింద్రాబాద్‌లో మాజీ సైనికుల ఓపీలో కూర్చునే నాలాంటి ఫిజీషియన్‌కి ఇది రోజువారీ వ్యవహారం. 1806లో కంటోన్మెంట్‌గా మొదలైన ఊరు ఇది. తిరుమలగిరిలో మిలిటరీ ఆసుపత్రి, సైన్యపు యంత్రాల మరమ్మతు విభాగమైన ఈఎంఈ సెంటర్, వాటి చుట్టూ రిటైరై స్థిరపడిన వేల కుటుంబాలు. 2003 ఏప్రిల్‌లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ మొదలయ్యాక వీళ్ళకి పాలిక్లినిక్కులు వచ్చాయి. వీల్‌చైర్‌లో వచ్చేవాళ్ళందరికీ యుద్ధంలోనే తూటా తగిలిందనుకోకండి. కొండదారిలో లోయలో పడ్డ ట్రక్కులు, సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు జరిగిన మోటార్‌సైకిల్ ప్రమాదాలు కూడా ఈ పని చేస్తాయి. వీళ్ళు నా దగ్గరికి వచ్చేసరికి ఆపరేషన్ల పని, కట్ల పని ఎప్పుడో ముగిసి ఉంటుంది. ఉత్తరంలోని ఉపద్రవం మాత్రం చాలాసార్లు ఇంటికెళ్ళాకే తలెత్తుతుంది. అందుకే ఇది ఓపీ డాక్టరు నెత్తిన పడుతుంది. దాని పేరు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. వైద్యంలో నాకు ఇంతకంటే ఇష్టమైన యంత్రాంగం లేదు.

శరీర నిర్మాణం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. వెన్నుపాము పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. దాన్నుంచి 31 జతల నాడులు బయటికొస్తాయి: మెడలో 8, ఛాతీలో 12, నడుములో 5, త్రికం దగ్గర 5, చివర 1. స్పర్శ పైకి వెళ్తుంది, ఆజ్ఞ కిందికి వస్తుంది. తెగితే రెండూ ఆగిపోతాయి. ఇంతవరకు అందరికీ తెలుసు. రక్తనాళాల్ని బిగించి, చెమట పట్టించి, రోమాలు నిక్కబొడిపించే సింపథెటిక్ నాడుల్ని మాత్రం చాలామంది మర్చిపోతారు. ఇవి ఛాతీ మొదటి ఖండం నుంచి నడుము రెండో ఖండం దాకా, ఆ మధ్యలోంచి మాత్రమే బయలుదేరతాయి. వీటికి పగ్గం వేసి పట్టుకునేది మెదడు. ఆ పగ్గం వెన్నుపాములోంచే దిగాలి. ఇక గుండెని నెమ్మదింపజేసే వేగస్ నాడికి వెన్నుపాముతో పనే లేదు. అది పుర్రె అడుగు నుంచి నేరుగా గుండెకి దిగుతుంది. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

ఇప్పుడు ట్యూబు నొక్కుకుపోయింది, మూత్రాశయం ఉబ్బింది. ఆ కబురు నాడుల వెంట వెన్నుపాములోకి చేరి పైకి ఎక్కుతుంది. మెడ దగ్గర దారి లేదు. కబురు అక్కడితో చచ్చిపోదు. దెబ్బకి కింద ఉన్న వెన్నుపాము ప్రాణంతోనే ఉంది. అందులో సొంత నాడీకణాలున్నాయి, సొంత నిర్ణయాలున్నాయి. ఎక్కుతున్న కబురు దారిలో ఉన్న సింపథెటిక్ కణాల్ని ఖండం తర్వాత ఖండం తట్టిలేపుతుంది. మనకీ మూత్రం ఆపుకుంటే బీపీ కొద్దిగా పెరుగుతుంది. మెదడు వెంటనే చాలించమంటుంది కాబట్టి మనకి తెలియదు. ఇక్కడ ఆ మాట కిందికి దిగే దారి లేదు. పేగులకి, కాలేయానికి, ప్లీహానికి వెళ్ళే రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. ఒంట్లోని రక్తంలో సుమారు పావువంతు నిలవుండే చోటది. ఊరి చెరువుకి నాలుగు వైపులా గట్లు లోపలికి జరిగితే నీళ్ళు ఎటు పోతాయి? కాలువల్లోకి పొర్లుతాయి. పొట్టలోని రక్తం అలాగే పై నాళాల్లోకి ఎగదన్నుతుంది. బీపీ పై అంకె 200 దాటొచ్చు. చూడకుండా వదిలేస్తే మెదడులో రక్తనాళం చిట్లొచ్చు, మూర్ఛ రావచ్చు.

మరి తలకెలా తెలిసింది? మెడలో కెరోటిడ్ ధమని చీలే చోట, గుండె నుంచి బయటపడే మహాధమని వంపులో, పీడనాన్ని కొలిచే నాడీ కొనలున్నాయి. వాటి కబురు వేగస్, గ్లోసోఫారింజియల్ నాడుల మీదుగా నేరుగా మెదడు కాండానికి వెళ్తుంది. వెన్నుపాముని తాకనే తాకదు. అంటే మూత్రాశయం నేరుగా చెప్పలేని సంగతిని రక్తం మోసుకెళ్ళి మెదడుకి చెప్పింది! కబురు అందుకున్న మెదడు రెండు ఆజ్ఞలు పంపుతుంది. గుండె నెమ్మదించాలన్న ఆజ్ఞ వేగస్ మీద వెళ్తుంది కాబట్టి చేరుతుంది. రక్తనాళాలు వదులవ్వాలన్న ఆజ్ఞ వెన్నుపాములో దిగుతుంది కాబట్టి దెబ్బ దగ్గర ఆగిపోతుంది. అందుకే బీపీ ఆకాశాన్నంటుతుంటే నాడి మాత్రం తరచుగా నెమ్మదిగా కొట్టుకుంటూ కనిపిస్తుంది. చేయి పట్టుకుని ఆ వైరుధ్యాన్ని వేళ్ళతో గమనించిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

దెబ్బ ఛాతీ ఆరో ఖండానికి గానీ అంతకంటే పైన గానీ ఉన్నవాళ్ళకే ఇది ఎందుకు ముప్పు తెస్తుందో కూడా ఇప్పుడు తేలిపోతుంది. పొట్ట రక్తనాళాల పగ్గాలు అక్కడి నుంచి కిందికి ఉన్నాయి. దెబ్బ బాగా కిందికి ఉంటే ఆ పగ్గాల్లో చాలావరకు మెదడు చేతిలోనే ఉంటాయి. పొంగిన రక్తాన్ని సర్దడానికి చోటు మిగులుతుంది.

చెమట సంగతి మరీ రుచిగా ఉంటుంది. దెబ్బకి పైన ఎరుపు, చెమట. కింద పాలిపోవడం, చల్లదనం అని పాఠ్యపుస్తకాలు చక్కగా గీత గీస్తాయి. మెడలో దెబ్బ తగిలినవాళ్ళ దగ్గర ఆ గీత నిలబడదు. ముఖానికి చెమట పట్టించే నాడులు ఛాతీ పైభాగపు ఖండాల నుంచి బయలుదేరి మెడ పక్కగా తిరిగి పైకెక్కుతాయి. నుదుటి మీద దోమ వాలితే ఆయనకి తెలుస్తుంది, ఎందుకంటే నుదుటి స్పర్శ నేరుగా మెదడుది. అదే నుదుటి చెమట మాత్రం దెబ్బకి దిగువనున్న వెన్నుపాము ఏలుబడిలో ఉంది. ఒకే అంగుళం చర్మానికి ఇద్దరు యజమానులు!

ఈ చెమట మీదే వైద్యచరిత్రలో ఒక పెద్ద మనిషి దారి తప్పాడు. ఆయన ఇంగ్లిష్ నాడీవైద్యుడు హెన్రీ హెడ్. స్పర్శ ఎలా తిరిగొస్తుందో తెలుసుకోవడానికి 1903లో తన చేతి నాడినే కోయించుకుని, స్నేహితుడు రివర్స్‌తో కలిసి ఏళ్ళ తరబడి పరీక్షించుకున్నవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెన్నులో తూటాలు దిగిన సైనికుల్ని జార్జ్ రిడాక్‌తో కలిసి పరిశీలించి 1917లో 'బ్రెయిన్' పత్రికలో ప్రకటించాడు. మూత్రాశయంలోకి ద్రవం పంపితే చెమటలు పట్టడం, కాళ్ళు ముడుచుకోవడం, అన్నీ కళ్ళకు కట్టినట్టు రాశారు. పై అధికారం పోతే నాడీమండలం పాత జంతుదశకి జారిపోతుందన్నది హెడ్‌కి ప్రాణప్రదమైన సిద్ధాంతం. చెమట ఆ కథలో చక్కగా ఇమిడిపోయింది. బీపీ కొలిచే పట్టీ రీవా రోచ్చీ పుణ్యమా అని 1896 నుంచీ ఉంది. 1905లో కొరొట్కాఫ్ స్టెతస్కోప్‌తో వినడం కూడా నేర్పాడు. అయినా కథ చెమట దగ్గరే ఆగింది. సిద్ధాంతం అంత అందంగా కుదిరినప్పుడు ఇంకో కొలత తీసుకోవాలని ఎవరికి తోస్తుంది?

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. అంతకు చాలా ముందే, 1889లో, నిజాం డబ్బుతో జరిగిన హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్‌లో జంతువుల రక్తపోటుని గీతలుగా నమోదు చేశారు. లండన్ నుంచి లాడర్ బ్రంటన్ దిగివచ్చాడు. మత్తుకోసం ఇచ్చే క్లోరోఫాం గుండెని ఏమీ చేయదని, శ్వాసని కనిపెట్టి ఉంటే చాలని రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుబట్టాడు. అది పొరపాటని, గుండె కూడా హఠాత్తుగా ఆగగలదని 1911లో లెవీ చూపించాడు. లారీ తప్పే. అయినా కొలిచి తప్పు చేశాడు, గీతలు మిగిల్చాడు. వాటిమీద తర్వాతివాళ్ళు వాదించగలిగారు.

హెడ్ వదిలేసిన కొలతని లుడ్విగ్ గట్‌మన్, శరీరక్రియా శాస్త్రజ్ఞుడు డేవిడ్ విట్టరిడ్జ్ తీసుకున్నారు. నాజీ జర్మనీ నుంచి 1939లో పారిపోయి ఇంగ్లండ్ చేరిన యూదు వైద్యుడు గట్‌మన్. 1944 ఫిబ్రవరిలో అక్కడి స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్ను గాయాల విభాగం తెరిచాడు. ఆయన్ని అక్కడికి పిలిచినవాళ్ళలో ముఖ్యుడు ఎవరనుకున్నారు? 1917 నాటి రిడాకే! వెన్ను తెగిన సైనికుడు పుండ్లతో, మూత్రంలో చీముతో కొన్ని వారాల్లో పోతాడని అంతా నమ్మిన రోజులవి. గట్‌మన్ రెండు గంటలకోసారి రోగుల్ని పక్కకు తిప్పించి, ట్యూబుల శుభ్రత చూసి, వాళ్ళని బతికించాడు. బతికాక వాళ్ళలో ఏం జరుగుతోందో కొలిచాడు. మూత్రాశయం ఉబ్బితే బీపీ ఎగబాకుతుందని, దెబ్బ ఎంత పైన ఉంటే అంత ప్రమాదమని 1947లో అదే 'బ్రెయిన్' పత్రికలో వచ్చింది. రిడాక్ కన్నుమూసిందీ ఆ ఏడాదే.

కదలిక కోసం గట్‌మన్ మొదలుపెట్టిన ఆటలు 1948 నుంచి పెరిగి పారాలింపిక్స్ అయ్యాయి. ఆ తీగ సికింద్రాబాద్‌ని కూడా తాకింది. మురళీకాంత్ పేట్కర్ ఈఎంఈ జవాను, ఇక్కడ ఈఎంఈలో బాక్సర్. 1965 యుద్ధంలో తూటాలు తగిలి నడుము కింద చచ్చుబడింది. చికిత్సగా మొదలైన ఈత ఆయన్ని 1972లో హైడెల్‌బర్గ్ దాకా తీసుకెళ్ళింది. 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌ని 37.33 సెకన్లలో ఈది భారతదేశానికి మొదటి పారాలింపిక్ స్వర్ణం తెచ్చాడు. పద్మశ్రీ రావడానికి 2018 దాకా పట్టింది.

ఆ ఆటల్లోకి తర్వాతి కాలంలో మన డిస్‌రిఫ్లెక్సియా దొంగదారిన వచ్చింది. దెబ్బ పైన ఉన్న క్రీడాకారులకి శ్రమ పడినా బీపీ, గుండె వేగం తగినంత పెరగవు. కొందరు పోటీకి ముందు కావాలనే ట్యూబు బిగించి మూత్రాశయం ఉబ్బించుకునేవారు, కాలివేలు విరగ్గొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. నొప్పి తెలియదు, బీపీ మాత్రం లేస్తుంది, చక్రాలు వేగంగా తిరుగుతాయి. దీన్ని బూస్టింగ్ అంటారు. పారాలింపిక్ కమిటీ 1994లో నిషేధించింది. నిషేధం న్యాయమే, ఇది ప్రాణాలతో చెలగాటం. కానీ గట్‌మన్ కొలిచిన యంత్రాంగం ఎంత బలమైనదో ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు కనబడలేదు.

దెబ్బ తగిలిన తొలి రోజుల్లో ఇది ఎందుకు కనిపించదు? మొదట కొన్ని వారాలు కింది వెన్నుపాము మూగబోతుంది. దాన్ని స్పైనల్ షాక్ అంటారు. ఆ మౌనంలో లోపల మరమ్మతు నడుస్తుంది. నొప్పి మోసే సన్నటి నాడీతంతువులు ఖాళీ అయిన చోట్లలోకి కొత్త కొమ్మలు వేస్తాయి. వైద్యులు ఎంతో ఎదురుచూసే పెరుగుదల ఇక్కడ తప్పు చోట జరుగుతుంది. కెనడాలో లిన్ వీవర్ బృందం 1999లో ఎలుకల వెన్నుపాములో నాడీవృద్ధి కారకాన్ని అడ్డుకుంటే కొమ్మలు తగ్గాయి, బీపీ పొంగులూ తగ్గాయి. 2021లో 'నేచర్'లో వచ్చిన పరిశోధన ఇంకో వైపు నుంచి తలుపు తట్టింది. ఛాతీ చివరి మూడు ఖండాల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి, లేచి కూర్చుంటే పడిపోయే బీపీని నిలబెట్టగలిగారు. ప్రమాదానికి దారితీసే సింపథెటిక్ కణాల్నే కొలతగా, అదుపుగా పనిచేయించారన్నమాట.  నా ఓపీకి వచ్చేవాళ్ళకి ముందు సరైన సైజు ట్యూబులు వేళకి దొరికితే బాగుండు.

ఇక చేయాల్సిన పని. వీళ్ళ మామూలు బీపీయే తక్కువ. పై అంకె దానికంటే 20 నుంచి 40 పెరిగిందంటే అనుమానించాలి. 95 ఉండే మనిషికి 150 అత్యవసరమే. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి కాళ్ళు కిందికి వేలాడదీయాలి, అప్పుడు రక్తం కాళ్ళలోకి దిగుతుంది. బెల్టు, మేజోళ్ళు వదులు చేసి, ట్యూబు మొదలు నుంచి చివరిదాకా చూడాలి. మూత్రం కారణం కాకపోతే మలబద్ధకం, అదీ కాకపోతే పిరుదుల మీద పుండు, కాలిగోరు లోపలికి పెరగడం. ట్యూబు మార్చినా, మలం తీసినా ముందు లిగ్నోకెయిన్ జెల్ రాసి కాసేపు ఆగాలి. స్పర్శ లేదు కదా, మత్తు జెల్ ఎందుకని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదనకి జవాబు పైనంతా రాశాను. ఈ మధ్యలో రెండు మూడు నిమిషాలకోసారి బీపీ చూస్తుండాలి. దిగకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికే.

నేను చూసే ఫైళ్ళలో ఆ రోజు బీపీ ఉంటుంది, ఆ మనిషి మామూలు బీపీ ఎక్కడా ఉండదు. దెబ్బ ఏ ఖండంలోనో కూడా చాలాసార్లు ఉండదు. ఒక కార్డు మీద ఈ రెండూ రాసి వీల్‌చైర్‌కి కట్టించమని వచ్చిన ప్రతి కుటుంబానికీ చెబుతున్నాను. ఇంకొక్క సంగతీ ఆ కార్డులో చేరాలి. బీపీ దించడానికి నైట్రేట్ మందు ఇస్తారు. వయాగ్రా లాంటి మాత్ర వేసుకున్న ఒకటి రెండు రోజుల్లోపు అది ఇస్తే బీపీ ప్రాణం తీసేంత పడిపోతుంది. వెన్ను దెబ్బ తగిలినవాళ్ళలో ఆ మాత్ర వాడేవాళ్ళు తక్కువేం కాదు, చెప్పుకునేవాళ్ళే తక్కువ. అత్యవసరంలో అడిగే వ్యవధి ఉండదు కాబట్టి మామూలు ఓపీ రోజునే, కొడుకునీ కోడలినీ కాసేపు బయట కూర్చోమని చెప్పి, నేనే అడిగి రాసుకుంటాను.