స్థూలకాయ చికిత్సకు విదేశయానము

గుంటూరు జిల్లానుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. వారి కుమార్తె ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్నది. వయస్సు 36 సంవత్సరములు, బరువు 110 కిలోలు. మధుమేహము కూడ ఆరంభమైనదట. స్థూలకాయమునకు శస్త్రచికిత్స చేయించుకొనుటకు టర్కీ దేశములోని ఇస్తాంబుల్ నగరమునకు పోదలచితినని ఆమె తండ్రికి ఫోనులో చెప్పినది. "పొమ్మందునా, వలదందునా?" అని ఆ తండ్రి ప్రశ్న. ఔనని గాని కాదని గాని తేల్చుట మా పని కాదు. అది ఆమెను పరీక్షించిన వైద్యులు చెప్పవలసిన మాట. అయినను వైద్యుని యొద్దకు పోవుటకు ముందు ఇంటిల్లిపాదియు తెలిసికొనదగిన సంగతులు కొన్ని కలవు.

ఈ చికిత్స అందము కొరకు చేయునది కాదు. కొవ్వును కోసి తీయునదియు కాదు. దీని చరిత్ర 1954లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున చిన్న ప్రేగును కుదించి కలిపిన శస్త్రచికిత్సతో మొదలైనది. 1966లో అయోవా విశ్వవిద్యాలయమున మేసన్, ఇటో అను వైద్యులు జీర్ణకోశమునే చిన్నది చేయు బైపాస్ పద్ధతిని కనిపెట్టినారు. నేడు ఎక్కువగా జరుగునది స్లీవ్ అను పద్ధతి. జీర్ణకోశములో సుమారు అయిదింట నాలుగు వంతులు నిలువునా కోసి తీసివేసి, అరటిపండు వంటి గొట్టమును మాత్రము మిగుల్తురు. ఆకలి పుట్టించు గ్రెలిన్ అను రసాయనము అధికముగా ఉత్పత్తియగు భాగము దీనితో పోవును గనుక తిండి తగ్గుటయే కాక ఆకలియే తగ్గును. తీసివేసిన భాగము మరల రాదు.

ప్రయోజనము లేదనువారు పొరబడినట్లే. స్వీడన్ దేశములో 1987లో ఆరంభించి సుమారు నాలుగు వేలమందిని ఏండ్ల తరబడి గమనించినారు. శస్త్రచికిత్స పొందినవారిలో మరణములు తక్కువగా ఉన్నవని 2007లో ప్రకటించినారు. మధుమేహము చాలమందిలో అదుపులోనికి వచ్చును. కొందరిలో మందుల అవసరమే తీరిపోవును. అనుభవముగల ఆసుపత్రులలో ప్రాణాపాయము వేయింటికి ఒకరు, లేదా అంతకన్న తక్కువ. వారమునకొక సూదిగా వేసికొను క్రొత్త మందులు కూడ ఇప్పుడు వచ్చినవి. ముందు వానిని గూర్చి వైద్యుని అడుగుట మంచిది.

ఇట్టి చికిత్స ఇంగ్లండులోనే ఉండగా ఇస్తాంబుల్ ఎందుకు? కారణములు రెండు, కాలము, ధనము. అక్కడి జాతీయ ఆరోగ్య సేవ ఈ శస్త్రచికిత్సను ఉచితముగా చేయును గాని కొన్ని షరతులు పెట్టినది. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు యొక్క వర్గముతో భాగింపగా వచ్చు సూచిక 40 గాని అంతకు మించి గాని ఉండవలెను. మధుమేహము వంటి వ్యాధి తోడైన 35 చాలును. మన దక్షిణాసియా వారికి ఈ అంకెలలో 2.5 తగ్గించి చూడవలెనని అక్కడి మార్గదర్శక సూత్రములు చెప్పుచున్నవి. ఆమె ఎత్తు ఉత్తరములో లేదు. 160 సెంటీమీటర్లయినచో సూచిక 43 అగును; అనగా ఆమె అర్హురాలే. ఈ సంగతి ఆమె తన వైద్యుని అడిగినదో లేదో! అడిగిన తరువాత కూడ నెలలు, కొన్నిచోట్ల ఏండ్లు వేచియుండవలసి రావచ్చును. సొంత ఖర్చుతో అక్కడనే చేయించుకొన్నచో సుమారు 8,000 నుండి 15,000 పౌనుల వరకు అగును. ఇస్తాంబుల్ ప్రకటనలలో అది రెండు మూడు వేల పౌనులే. హోటలు బస, విమానాశ్రయమునుండి కారు అందులోనే చేరియుండును.

టర్కీ శస్త్రవైద్యులు అసమర్థులని మేము అనుట లేదు. వారిలో మిక్కిలి నేర్పరులు కలరు. చిక్కు కత్తి పట్టిన చేతిలో కాదు, పంచాంగములో ఉన్నది. ప్రకటన ప్రకారము ఆసుపత్రిలో రెండు మూడు రాత్రులు, హోటలులో మరి రెండు మూడు. వారము తిరుగకముందే ఇంటికి విమానము. కాని లోహపు పిన్నులతో మూసిన జీర్ణకోశపు గీతనుండి లోపలి ద్రవము కారుట అను ఉపద్రవము, నూటికి ఒకరిద్దరికి వచ్చునది, తరచుగా మొదటి వారము చివరనో రెండవ వారములోనో బయటపడును. నాడి వేగముగా కొట్టుకొనును, జ్వరము వచ్చును, కడుపునొప్పి ఎడమ భుజమునకు ప్రాకును. ఆ వేళకు రోగి ఎక్కడ ఉన్నది? కోసిన వైద్యునికి సుమారు రెండున్నర వేల కిలోమీటర్ల దూరమున, తన గదిలో. అత్యవసర విభాగమువారు చేర్చుకొందురు. కాని ఏమి కోసినారో, ఎట్లు కుట్టినారో తెలుపు కాగితము వారి చేతిలో ఉండకపోవచ్చును. స్థూలకాయము, శస్త్రచికిత్స, కదలక కూర్చుండు విమానయానము, ఈ మూడును కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టుటకు తోడ్పడునవే. ఆ గడ్డ ఊపిరితిత్తులకు ఎక్కినచో ప్రాణమునకే ముప్పు.

2019లో అమెరికా ప్రజారోగ్య సంస్థ ఒక హెచ్చరిక చేసినది. మెక్సికోలోని తిహువానాలో శస్త్రచికిత్సలు, అందులోను ఎక్కువగా బరువు తగ్గుటకైనవి, చేయించుకొని వచ్చినవారిలో మందులకు లొంగని సూక్ష్మక్రిములు కనబడినవి. 2023లో టర్కీలో బరువు తగ్గుటకని జీర్ణకోశములో బొటులినం సూదులు వేయించుకొన్నవారు పదుల సంఖ్యలో బొటులిజం వ్యాధి పాలైనారు. ఇది శస్త్రచికిత్స కాదు గాని ఆ బజారులోనిదే. అదే సంవత్సరమున బి.బి.సి. వారు, టర్కీలో ఈ శస్త్రచికిత్స చేయించుకొన్న ఏడుగురు బ్రిటిష్ రోగులు మరణించిన వృత్తాంతమును వెల్లడించినారు. మొత్తము ఎందరు పోయి వచ్చుచున్నారో పూర్తి లెక్క లేదు గనుక దీనినిబట్టి శాతము కట్టరాదు. శాతము తెలియకుండుటయే మాకు ఎక్కువ కలవరము కలిగించుచున్నది.

ఆపత్కాలము గడచినను పని ముగియదు. విటమినులు, ఇనుము, కాల్సియం జీవితాంతము తీసికొనవలెను. రక్తపరీక్షలు ఏటేట జరుగవలెను. వాంతులు వారములకొలది ఆగనిచో బి1 విటమిను క్షీణించి మెదడుకే హాని కలుగును. ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భధారణ తగదు. ముప్పది ఆరేండ్ల స్త్రీకి ఇది చిన్న మాట కాదు. ఇంగ్లండు ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినచో కనీసము రెండేండ్ల పర్యవేక్షణ అందులో భాగము. ఇస్తాంబుల్ ధరలో ఆ రెండేండ్లు ఉండవు. సాధారణ ప్రయాణ భీమా, చికిత్స కొరకే చేసిన ప్రయాణములో కలిగిన చిక్కులను భరించదు.

ఉత్తరము చివర ఆ తండ్రి మరియొక మాట అడిగినారు: "పోనీ, హైదరాబాదుకే రప్పింతునా?" మన ఊరు మన భాష అను ధైర్యము కొంతవరకు నిజమే. ఒకటి రెండు నెలలు పుట్టింట ఉండవచ్చును. రెండవ వారములో జ్వరము వచ్చినను కోసిన వైద్యునే చూడవచ్చును. మొదట తేట ద్రవములు, మజ్జిగతేట, పప్పుకట్టు, తరువాత మెత్తని ఆహారము. ఇవి మన వంటయింటికి కొత్తవి కావు. "ఇంకొక్క ముద్ద తినవే అమ్మా" అను తల్లిని ఆపగలుగుటయే కష్టము! కాని సెలవు రెండు వారములే దొరికినచో హైదరాబాదును ఇస్తాంబుల్ వంటిదే, ఇంకను దూరము. తరువాతి పర్యవేక్షణ ఇంగ్లండులోనే జరుగవలెను గదా.

మేము ఆ తండ్రికి ఇట్లు జవాబు వ్రాసినాము: అమ్మాయిని మూడు సంగతులు అడుగుడు. డబ్బు కట్టకముందు మాటలాడినది శస్త్రవైద్యుడా, లేక ఏజెంటా? ఆ ఆసుపత్రిలో తీవ్ర చికిత్సా విభాగము కలదా, శస్త్రచికిత్స వివరములు ఇంగ్లీషులో వ్రాసి ఇత్తురా? తిరిగివచ్చిన తరువాత తనను చూచుటకు వ్రాతపూర్వకముగా ఒప్పుకొన్న వైద్యుడు తన ఊరిలో ఎవరు? మూడవదానికి ఒక పేరు చెప్పగలిగిన తరువాతనే టిక్కెట్టు మాట ఎత్తుడని చెప్పుడు. వారి ప్రత్యుత్తరము మాకు ఇంకను అందలేదు.