అకామా ఉన్నంతవరకే లెక్క

కువైట్‌లో పనిచేసే మనవాళ్ల పర్సులో డబ్బు లేకపోయినా బతాకా, అంటే సివిల్ ఐడీ కార్డు, ఉంటుంది. ఆ కార్డు మీద పన్నెండంకెల సంఖ్య. మొదటి అంకె 2 అయితే 1900ల్లో పుట్టినవారు, 3 అయితే 2000లో గానీ ఆ తరవాత గానీ పుట్టినవారు. ఆ పక్క ఆరంకెలు పుట్టిన ఏడాది, నెల, తేదీ. పాస్‌పోర్టులో 1985 జులై 1 అని ఉంటే ఆ మనిషి సంఖ్య 2850701తో మొదలవుతుంది. ఆ తేదీ అమ్మ చెప్పిందో, ఏజెంటు వేయించిందో కార్డుకు తెలియదు. ఆసుపత్రిలో చీటీ రాయించుకోవాలన్నా, సిమ్ కొనాలన్నా ముందు ఆ సంఖ్య చెప్పాల్సిందే.

దాన్ని ఇచ్చేది పీఏసీఐ అనే పౌర సమాచార సంస్థ. 1982 నాటి చట్టం ప్రకారం దేశంలో నివసించే కువైటీలనూ పరదేశీయులనూ ఒకే రిజిస్టరులోకి ఎక్కిస్తుంది. ఆ లెక్కన ఇప్పుడు అక్కడి జనాభా దాదాపు 50 లక్షలు. కువైటీలు అందులో మూడోవంతు కూడా లేరు. భారతీయులు 10 లక్షల పైమాటే. పరదేశీయుల్లో అందరికంటే ఎక్కువ మనవాళ్లే.

1957లో మొదటి జనగణన జరిగినప్పుడు మొత్తం జనం రెండు లక్షల పైచిలుకు. అప్పుడు కువైటీలదే పైచేయి. చమురు పనులకు నలుదిక్కుల నుంచి జనం వచ్చిపడి, 1965 కల్లా పరదేశీయులే ఎక్కువయ్యారు. స్వదేశీయులు తక్కువైపోయిన చోట ఎవరిని ఏ గడిలో రాస్తారన్నది చిన్న విషయం కాదు. పౌరసత్వ కాగితాలు లేని బిదూన్లను 1980ల దాకా కువైటీలతో కలిపి లెక్కించేవారు. తరవాత కువైటేతరుల వరసలోకి మార్చారు. లక్షలమంది బతుకులు మారడానికి పట్టికలో ఆ ఒక్క మార్పు చాలింది.

ఒకే ప్రభుత్వం చెప్పే రెండు లెక్కల మధ్య కూడా పొత్తు కుదరదు. 2011 జనగణనలో కువైట్ జనాభా 30.65 లక్షలని తేలింది. అదే ఏడాది పీఏసీఐ రిజిస్టరు చూస్తే 36 లక్షలు దాటింది. ఐదు లక్షల పైచిలుకు తేడా! రిజిస్టరు కాగితాన్ని నమ్ముతుంది. దేశం విడిచి వెళ్లినా, అకామా (నివాస అనుమతి) గడువు తీరేదాకా పేరు ఉండిపోగలదు. జనగణనకు మనిషి కావాలి. నాలుగు గోడల మధ్య వంట చేసే ఆడమనిషినీ, గదికి పదిమంది చొప్పున సర్దుకునే కూలీలనూ అది సులువుగా దాటిపోగలదు.

నా బాధ ముఖ్యంగా ఆ ఇళ్లలో ఉన్న ఆడవాళ్ల గురించే. రాయచోటి, రాజంపేట వైపు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఖద్దామాలుగా, అంటే ఇంటిపనికి, వెళ్లేవారికి ఇరవై నంబరు వీసా. దాని తాళం కఫీల్ చేతిలో, అంటే వీసా ఇచ్చిన యజమాని చేతిలో ఉంటుంది. జీతం ఇవ్వకపోతేనో, కొడితేనో ఇల్లు వదిలి బయటపడిందనుకోండి, అతను పరారీ కేసు పెడతాడు, అకామా పోతుంది. అకామా లేనిదే బతాకా రెన్యువల్ కాదు. అప్పటినుంచి ఆమె కల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఊళ్లోనే ఉంటుంది, ఎక్కడో పని చేస్తుంది, ఇంటికి డబ్బు పంపుతుంది. జబ్బు చేస్తే మాత్రం ఆసుపత్రి గడప తొక్కడానికి భయం.

ఇలాంటివాళ్లు ఎంతమందో క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కొంత బయటపడుతుంది. 2018లో, 2020లో, 2024లో కువైట్ అలా గడువులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో దేశాలవారీగా తేదీలు పెట్టి, టికెట్టు ఖర్చు తానే భరిస్తానంది. కరోనాతో విమానాలు ఆగిపోయి, పేర్లు రాయించుకున్నవాళ్లు క్యాంపుల్లో పడిగాపులు కాశారు.

కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్లకైనా చిరునామా దగ్గర చిక్కు రావచ్చు. 2024 జూన్ 12న మంగఫ్‌లో కూలీల వసతి భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. ఆ తరవాత పీఏసీఐ వందలాది చిరునామాలను రిజిస్టరులోంచి కొట్టేస్తూ వచ్చింది. కొత్త చిరునామా నమోదు చేయించుకోవడానికి 30 రోజులు గడువు, లేకుంటే 100 దీనార్ల దాకా జరిమానా. ఇంటి యజమాని ‘ఈ మనిషి ఇక్కడ లేడు’ అంటే చాలు, కొట్టివేతకు ఆ మాటే ఆధారం. జరిమానా భయం మాత్రం కూలీది.

కువైట్ పట్టికలో భారతీయుల గడి ఉంటుంది గానీ తెలుగువాళ్ల గడి ఉండదు. ఉండాలని అడగలేం కూడా. ఆ లెక్క ఉండాల్సింది మన దగ్గర. కేంద్రం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో తప్పనిసరిగా నమోదయ్యేది ముఖ్యంగా పదో తరగతి పాసవ్వనివారు పనికి వెళ్తేనే. పదో తరగతి గట్టెక్కినవాళ్లూ, విజిట్ వీసా మీద దాటించినవాళ్లూ చాలావరకు అందులో కనబడరు. మన జనగణన ఇక్కడున్నవారినే రాసుకుంటుంది. కేరళ 1998 నుంచి కొన్నేళ్లకోసారి ఇళ్లకు వెళ్లి ఎవరెవరు ఏ దేశంలో ఉన్నారో, ఎందరు తిరిగొచ్చారో సర్వే చేయిస్తోంది. మన రెండు రాష్ట్రాల్లో అలాంటిది ఏళ్ల తరబడి క్రమం తప్పక సాగిందేమీ లేదు.

ఇందుకు కొత్త శాఖ అక్కర్లేదు. ఏ వీధిలో ఎవరింటి మనిషి కువైట్‌లో ఉందో ఆశా కార్యకర్తకు తెలుసు, గ్రామ సచివాలయం సిబ్బందికి తెలుసు. ఎవరు వెళ్లారు, ఏ దేశం, ఏ వీసా, అకామా ఎప్పటితో అయిపోతుంది అని అడిగి రాసుకోవాలి. చివరి ప్రశ్నకు ‘తెలియదమ్మా, ఫోన్ చేసి మూడు నెలలైంది’ అని జవాబొస్తే, ఆ రోజే ఆ పేరు కువైట్‌లోని మన ఎంబసీకి చేరాలి.