బాక్సుకు ఎంత దూరంలో కూర్చోవాలి?

సోలాపూర్ తూర్పు భాగంలో తెల్లారితే ముందు వినిపించేది మరమగ్గం. సిరిసిల్లలో సాంచా అంటారే, అదే. నాడె అటూ ఇటూ దూసుకుపోయి రెండు కొసల్లోనూ దెబ్బ తిని ఆగుతుంది. చప్పుడంతా ఆ దెబ్బదే. షెడ్డులో పక్కవాడితో ఒక మాట చెప్పాలంటే అతని చెవిలో నోరు పెట్టాల్సిందే. తరాల కింద తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడ దుప్పట్లు, టెర్రీ తువ్వాళ్లు నేస్తున్న పద్మశాలీల చెవులు పగలంతా ఆ మోతలో ఉంటాయి. రాఖీ పున్నమికి మార్కండేయ రథోత్సవం వచ్చినా, గణపతి నవరాత్రులు వచ్చినా సాయంత్రం అవే చెవులు లౌడ్ స్పీకర్ ముందుకు వస్తాయి.

ఆ లౌడ్ స్పీకర్ పుట్టి నూరేళ్లు దాటింది. డెన్మార్క్ నుంచి అమెరికా వెళ్లిన పీటర్ జెన్సెన్, అమెరికన్ ఎడ్విన్ ప్రిడ్హమ్ కలిసి, అయస్కాంతం నడుమ తీగచుట్ట కదిలి పొరను ఊపితే, దాని ముందు బూరా పెడితే, గొంతు ఊరంతా వినిపిస్తుందని చూపించారు. 1915 క్రిస్మస్ ముందు రోజు శాన్‌ఫ్రాన్సిస్కో సిటీ హాలు ముందు వేలాది జనానికి వినిపించారు. దానికి మాగ్నవాక్స్ అని పేరు పెట్టారు. లాటిన్‌లో పెద్ద గొంతు అని అర్థం. 1925లో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ బూరా అవసరం లేకుండా కాగితపు కోనుతోనే మంచి శబ్దం రప్పించారు. ఈనాటి బాక్సులో ఊగేది ఆ కోనే. పాట మోగుతుండగా అరచేతిని బాక్సు చెక్కకు ఆనించి చూడండి, దరువు చేతికి తెలుస్తుంది.

ఇక కూర్చునే చోటు సంగతి. ఖాళీ మైదానంలో ఒక్క బాక్సు నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీటరు దూరంలో 106 ఉంటే, రెండు మీటర్లకు 100, నాలుగుకు 94, ఎనిమిదికి 88, పదహారుకు 82. ముందు వరుస నుంచి నాలుగు అడుగులు జరిగితే ఎంతో తేడా, వెనక వరుసల్లో అదే నాలుగు అడుగులకు దాదాపు ఏమీ తేడా ఉండదు. అయితే మన పేటల్లో ఇళ్లు ఎదురెదురుగా ఉంటాయి. గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి కాబట్టి సందులో అది అంత తొందరగా తగ్గదు. మైదానం లెక్క నమ్ముకుని సందులో ధైర్యంగా కూర్చోకూడదు.

పెద్ద కచేరీల్లో బాక్సులను ఒకదాని కింద ఒకటి వరుసగా వేలాడదీయడం చూసే ఉంటారు. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియన్ హీల్ 1992లో ఈ వరుస పద్ధతికి రూపం ఇచ్చారు. ఆ వరుస దగ్గర్లో దూరం రెట్టింపైతే 3 డెసిబెల్సే తగ్గుతుంది, అందుకే వెనకవాళ్లకూ బాగా వినిపిస్తుంది. వీధిలో స్తంభానికొక బాక్సు కడితే వేరే చిక్కు. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది. యాభై మీటర్ల అవతలి బాక్సు మాట ఏడో వంతు సెకను ఆలస్యంగా వచ్చి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. వేదిక నుంచి దూరంగా ఉన్న బాక్సును ఆ మేరకు ఆలస్యంగా మోగించడమే మందు. దీనికి డిలే అని ఒక మీట ఉంటుంది. సౌండ్ సిస్టమ్ వాళ్లను అడిగి పెట్టించండి.

నాకు బాధ కలిగించేది మరొకటి. మగ్గం దగ్గర ఏళ్లు గడిపిన పెద్దలు మాట స్పష్టంగా వినపడాలని బాక్సు పక్కకే జరుగుతారు. మోత మొదట దెబ్బతీసేది సన్నని శబ్దాలు వినే శక్తిని. స, శ, త లాంటి అక్షరాలు మసకబారతాయి. కానీ సన్నని శబ్దాలు టార్చి వెలుగులా బాక్సు ముందుకు సూటిగానే పోతాయి, బేస్ మాత్రం నలువైపులా పరుచుకుని గోడలు దాటుతుంది. పక్కకు జరిగితే బేస్ మోతే పెరుగుతుంది, అక్షరం దొరకదు. మాట కావాలంటే బాక్సుకు ఎదురుగా, దూరంగా కూర్చోవాలి.

పైగా చెవికి మగ్గం ఖాతా వేరు, పాట ఖాతా వేరు అని లేదు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్కలో రోజుకు 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు హద్దు. 3 పెరిగితే కాలం సగం. అంటే 94కు ఒక్క గంట, 100కు పావుగంట. నాడె మగ్గాల షెడ్డులో 90 దాటడం మామూలే. షిఫ్టు ముగిసేసరికే ఆ రోజు వంతు అయిపోయి ఉంటుంది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కచేరీ స్థలాలకు పావుగంట సగటు 100 డెసిబెల్స్ దాటొద్దని చెప్పింది, ప్రశాంతంగా కూర్చునే చోటు కూడా ఉండాలంది. ఇంటికొచ్చాక చెవిలో జుమ్మంటుంటే ఎక్కువ విన్నామని గుర్తు. అది తగ్గినా దెబ్బ మిగలవచ్చు.

ఈసారి పండగకు పసిపిల్లల్ని భుజాన వేసుకుని బాక్సుల ముందు నిలబడకండి. కమిటీ వాళ్లు బాక్సు ముందు నాలుగైదు మీటర్ల మేర తాడు కట్టి ఖాళీ ఉంచండి. షిఫ్టు దిగి నేరుగా వచ్చే నేతన్నలకు వెనక వరుసలో, వేదికకు ఎదురుగా కుర్చీలు వేయండి.