పెద్ద కళాశాలల్లో సీటుకు తూకమేమిటి?

చంద్రశేఖరపురం: ఇంటర్ ఫలితాలు రాగానే వెలిగొండల పక్క పల్లెల్లోనూ ఒకటే మాట వినిపిస్తుంది. "మావాడికి మంచి మార్కులొచ్చాయి, ఇక పెద్ద కాలేజీలో సీటు ఖాయం." తీరా విచారిస్తే ఆ కళాశాల పరీక్షకు దరఖాస్తు గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. మెట్ట సేద్యం మీద బతికే కుటుంబానికి ఏడాది నష్టమంటే చిన్నది కాదు. పేరున్న ప్రైవేటు విద్యాసంస్థలు విద్యార్థిని ఏ తూకంతో తూస్తాయో ముందే తెలుసుకుంటే ఆ నష్టం తప్పుతుంది.

పిలానీ పద్ధతి

రాజస్థాన్‌లోని పిలానీ బిర్లా సంస్థ 2008లో హైదరాబాదు దగ్గర శామీర్‌పేటలో శాఖ తెరిచింది. 2004 వరకు ఈ సంస్థ ప్రవేశ పరీక్ష పెట్టలేదు, ఇంటర్ మార్కులే చూసేది. ఒక బోర్డులో మార్కులు ధారాళంగా పడతాయి, మరో బోర్డులో పడవు. అందుకని ఒక్కొక్క విద్యార్థి మార్కులను అతని బోర్డులో మొదటి స్థానం వచ్చినవారి మార్కులతో పోల్చి లెక్క సరిచేసేవారు.

2005 నుంచి 'బిట్‌శాట్' పరీక్ష వచ్చింది. కంప్యూటర్ మీద మూడు గంటల్లో 130 ప్రశ్నలకు జవాబు గుర్తించాలి. మొత్తం 390 మార్కులు. లెక్కలు 40, భౌతికశాస్త్రం 30, రసాయనశాస్త్రం 30, తర్కం 20, ఇంగ్లీషు 10 ప్రశ్నలు. ఒప్పుకు 3 మార్కులు, తప్పుకు 1 కోత. నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా గుర్తుపెడితే సగటున ఒకటి తగిలి 3 వస్తాయి, మూడు తప్పి 3 పోతాయి. మిగిలేది సున్నా. ప్రశ్నలు ఇంగ్లీషులోనే ఉంటాయి.

అలాగని ఇంటర్‌ను వదిలేయరాదు. లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలు మూడింటిలో కలిపి 75 శాతం, విడివిడిగా 60 శాతం రావాలి. బోర్డులో మొదటి ర్యాంకు వచ్చినవారికి నేరుగా చోటిస్తారు. కులాలవారీ రిజర్వేషన్లు లేవు. ఫీజు ఏటా లక్షల్లో ఉంటుంది. అయితే ప్రతిభ, కుటుంబ ఆదాయం రెండూ చూసి కొందరికి తగ్గిస్తారు.

మనిషిని చూసే తూకం

అన్ని సంస్థలదీ ఒకే తూకం కాదు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఒకప్పుడు సొంత రాతపరీక్ష, దానిపైన ముఖాముఖి ఉండేవి. సేవ చేసే మనసుందా అని చూసేవారు. ప్రైవేటు, మైనారిటీ వైద్య కళాశాలలకూ 'నీట్' తప్పదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. బెంగుళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం పరీక్షతోపాటు ముఖాముఖి జరుపుతుంది. అమెరికాలో పేరున్న ప్రైవేటు కళాశాలలు విద్యార్థి చదివిన బడిలో ఏయే సౌకర్యాలున్నాయో బడి నుంచే తెప్పించుకుంటాయి. ఉన్న అవకాశంతో పిల్లవాడు ఎంత సాధించాడన్నదీ లెక్కలోకి తీసుకుంటాయి.

మన ట్రిపుల్ ఐటీలు ప్రభుత్వానివి. అక్కడ మామూలు ప్రభుత్వ బడుల్లో చదివినవారికి అదనంగా 4 శాతం కలిపే పద్ధతి పెట్టారు. బిట్‌శాట్‌లో ఆ కలుపు లేదు. రెండేళ్లు శిక్షణ పొందిన పట్నం కుర్రవాడూ, పొలం పనులకు సాయపడుతూ చదివిన పల్లె అమ్మాయీ ఆ కంప్యూటర్ ముందు ఒకటే.

ముందే చేయవలసినవి

కనుక ఇంటర్ మొదటి ఏడాదిలోనే నాలుగు సంగతులు రాసిపెట్టుకోవాలి: దరఖాస్తు గడువు, కనీస మార్కులు, ప్రశ్నపత్రం భాష, తప్పు జవాబుకు కోత. షరతులు మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రకటన చదివి తీరాలి. రోజూ కాస్త ఇంగ్లీషు చదవాలి. కంప్యూటర్ మీద మాదిరి పరీక్షలు రాయాలి. రాయితీల కోసం ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి.

సీటు ఇప్పిస్తామంటూ విరాళం అడిగేవారి మాట నమ్మి పొలం అమ్ముకోవద్దు. విరాళాల వసూలును మన రాష్ట్రం 1983లోనే చట్టం చేసి నిషేధించింది.

ఉపాధ్యాయులు ఈ గడువులను బడి నోటీసు బోర్డు మీద రాసిపెడితే ఎంతో మేలు. తెలివిగల పిల్లకు సీటు రాకపోతే మళ్లీ ప్రయత్నించవచ్చు. తెలియక దరఖాస్తే పెట్టకపోతే ఆ తప్పు పిల్లది కాదు, చెప్పని పెద్దలది.